ఉంగరం చెప్పిన బరువు

గంటస్తంభం దాటాక కుడిచేతి సందులో
బోర్డు లేని షాపు, రొంగలి పెంటయ్యది.
ఇరవయ్యేళ్లు జూట్ మిల్లులో ఫిట్టరు.
గేటుకి తాళం పడ్డాక
అవే స్పానర్లు, అదే నూనె చేతులు
సైకిళ్ల వైపు తిప్పుకున్నాడు.

గోనెగుడ్డ పరిచి
రెండు ఫోర్కులు పక్కపక్కన పెట్టాడు,
చింతపల్లి రేవు నించి అప్పుడే దిగిన
కోనాం చేపల్లా మెరుస్తూ.

ఒకటి స్ప్రింగుది. రెండున్నర కిలోలు, ఆరువేలు.
"మొద్దుది గానీ మంచిదమ్మా. బురదకీ ఎండకీ అలగదు."
రెండోది గాలిది. కిలో ఎనిమిదొందలు.
ధర చెప్పే ముందు ఓసారి దగ్గాడు.
చీటీ డబ్బు నా బ్యాగులో ఉంది,
జిప్పు మీద నా చెయ్యుంది.

గంట్యాడ హైస్కూల్లో వ్యాయామం టీచర్ని.
ఆదివారాలు మాత్రం తాటిపూడి గట్టు దాటి
పనసచెట్ల కింది రాళ్లబాట పడతాను.
కిందటి చలికాలం ఆ బాటే
నా ఎడమ మణికట్టు విరిచింది.
సిమెంటు కట్టు మీద పిల్లలు
స్కెచ్ పెన్నులతో ఖోఖో కోర్టు గీశారు.

"నూట నలభై మిల్లీమీటర్లది కావాలి"
వీడియోలు నేర్పిన గొంతుతో అన్నాను.
పెంటయ్య ఫ్రేము తలగొట్టం మీద వేలితో తట్టాడు.
"నీ బండి వందకి పుట్టిందమ్మా.
నూటిరవై దాకా ఓర్సుకుంటాది.
నలభై ఏస్తే ఎక్కుడులో
గుర్రం లెగిసినట్టు లెగుస్తాది,
నువ్వేమో ఎనక్కి."
తర్వాత కాలిపర్స్ తీశాడు.
"పైనా కిందా ఒకే లావు.
కింద బలిసిన ఆ కొత్తరకం కాడ ఇందులో దూరదు."
రెండు నెలలు రాత్రుళ్లు కూడబెట్టుకున్న ఫోర్కుల్లో
ముప్పాతిక వంతు
ఆ ఉక్కు దవడల మధ్యే పోయాయి.

మిగిలింది నూటిరవై. గాలా, స్ప్రింగా.
రెంటినీ నేలకి ఆనించి నొక్కాను.
ఒకటి గొణిగింది.
ఒకటి ఊపిరి తీసింది.

గాలిదే, అన్నాను.

అప్పుడడిగాడు: "బరువెంత?"

పంక్చరుకొచ్చిన పాలాయన,
ట్యూబు పట్టుకున్న కుర్రాడు,
పేపరు వెనకాల ఇంకెవరో ఒక బట్టతల.
ఏబయ్యెనిమిది, అన్నాను.

ఏటా జూలైలో రెండొందల మంది పిల్లల్ని
తూకం మెషిన్ ఎక్కించి
కచ్చితంగా రాసుకునేది నేనే.

పెంటయ్య నన్ను చూడలేదు. పంపు ముల్లునే చూశాడు.
నున్నటి కాలి మీది రబ్బరు ఉంగరాన్ని
అడుక్కంటా జరిపి, "ఎక్కు" అన్నాడు.
ఎక్కాను. దిగాను.
ఉంగరం ఉండాల్సిన దానికన్నా పైన ఆగింది.
"ఊఁ" అన్నాడు. అంతే.
"తొక్కి సూసి రా. బేగి సెప్పడానికి ఇది సెప్పుల జత కాదు."

ఆదివారం, పనసచెట్ల మలుపు.
మూడో రాయి దగ్గర లోపల
ఇనుము ఇనుముని ముద్దాడిన చప్పుడు.
పళ్లు కలుక్కుమన్నాయి. పడలేదు.
ఆగి చూస్తే ఉంగరం శిఖరానికి ఎక్కేసింది,
పంచాయితీలో నిలబడి
అసలు సంగతి చెప్పేసిన పిల్లాడిలా.

సోమవారం సాయంత్రం
సైకిలు గోడకానించి
మాటలు వెతుక్కుంటున్నాను.
పెంటయ్య మూత విప్పి పంపు బిగించాడు.
ఏమైందని అడగలేదు.
ఒక నొక్కు, రెండు, మూడు.
ముల్లు నా అబద్ధం మీదుగా నడిచి
ఆరు కిలోల అవతల నిలబడింది.
కింది ఎర్ర గుండీ రెండు టిక్కులు తిప్పి
"తన్నులు తిన్నాక తిరిగొచ్చేది నిమ్మళంగా రావాల,
లేపోతే సేతుల్ని కొడతాది" అన్నాడు,
నాతోనో, ఫోర్కుతోనో.

"ఎంతివ్వాలి?"
"గాలికి డబ్బులేటమ్మా."

ఇప్పుడు మలుపు దిగాక ఆగి వంగి చూస్తాను.
ఉంగరం వేలెడు కిందే ఉంటుంది,
ఎర్రమట్టి పూసుకుని.
వాన పట్టే ముందు మణికట్టు సలుపుతుంది ఇంకా.
ఈ జూలైలో తొమ్మిదో తరగతి ఝాన్సీ
మెషిన్ ఎక్కుతూ తన అంకె తనే చెప్పేసింది.
నేను ముల్లు వైపు తిరిగాను,
పిల్ల మొహం వైపు కాదు.